పారిపోవడం తెలియని పిట్టల దీవులు

ఇంటర్ బైపీసీ పిల్లలకి ముప్ఫై ఏళ్లు జువాలజీ చెప్పాను. ఏటా పరిణామ సిద్ధాంతం పాఠం రాగానే బోర్డు మీద నాలుగు పిట్ట తలకాయలు గీసి, ఒక్కోదానికి ఒక్కో రకం ముక్కు పెట్టేదాన్ని. 'డార్విన్ ఫించ్‌లు, గాలపాగోస్ దీవులు... రెండు మార్కుల ప్రశ్న, గుర్తుపెట్టుకోండి' అని చెప్పి పేజీ తిప్పేసేదాన్ని. ఆ రెండు మార్కుల దీవుల్ని కళ్లారా చూస్తానని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

రిటైరయ్యాక హ్యూస్టన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తే, 'అమ్మా, ఈసారి నయాగరాలూ అవీ వద్దు, నీ గాలపాగోస్‌కే వెళ్దాం' అంది. మా వారు కాకినాడలో పుట్టి పెరిగిన మనిషే గానీ, పడవెక్కితే చాలు కడుపులో తిప్పేస్తుంది. 'అగ్నిపర్వతాల మధ్య వారం రోజులు పడవలోనా? మీరు వెళ్లి రండి, నేను ఇంటికి కాపలా ఉంటా' అన్నారు. చివరికి వాంతుల మాత్రలు జేబులో వేసుకుని ఆయనా బయల్దేరారు. అలా అక్టోబరులో మేం నలుగురం ఈక్వడార్ దారి పట్టాం.

ఆవకాయకి అనుమతి లేదు

దక్షిణ అమెరికా తీరానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ సముద్రం మధ్యలో ఉన్నాయి గాలపాగోస్ దీవులు. 1832 నుంచీ ఇవి ఈక్వడార్ దేశానివే. పెద్దవి 13, చిన్నా చితకా దీవులూ రాళ్లూ కలిపితే వందకు పైనే. అన్నీ సముద్రం అడుగునుంచి లేచిన అగ్నిపర్వతాల కొసలే. అందులో నాలుగింటిలోనే ఊళ్లున్నాయి, జనం దాదాపు 30 వేలు. నేలలో 97 శాతం నేషనల్ పార్కు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితా మొదలుపెట్టినప్పుడు అందులో ఒకటో నంబరు ఈ దీవులదే.

ఈక్వడార్ రాజధాని కీటో నుంచి విమానం ఎక్కాలి. అక్కడే మొదటి పాఠం ఎదురవుతుంది. టికెట్ కౌంటర్ కన్నా ముందు ఇంకో కౌంటర్‌లో మన సంచులన్నీ తనిఖీ చేస్తారు. విత్తనాలు, పళ్లు, మొక్కలు, మట్టి అంటిన చెప్పులు... ఏవీ దీవుల్లోకి పోకూడదు. ఆవకాయలో టెంక ఉంటుంది కదా అని ఆ సీసాని మా అల్లుడు ఇంట్లోనే తీయించేశాడు. కందిపొడి ప్యాకెట్‌ని మాత్రం అక్కడి అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి, వాసన చూసి, ఒక తుమ్ము తుమ్మి వదిలేసింది. దిగబోయే ముందు విమానంలో సామాన్ల అరలు తెరిచి పురుగుల మందు కూడా కొట్టారు.

'దోమల మందు మనకి కొడుతున్నారేంటి?' అన్నారు మా వారు. వాళ్లకి మనమే దోమలం మరి! ఈ దీవులు ఏ ఖండంతోనూ ఎప్పుడూ కలిసి లేవు. ఇక్కడున్న ప్రతి జీవీ లక్షల ఏళ్లలో ఎగురుతూనో, ఈదుతూనో, తెగిపడిన చెట్టు కొమ్మల మీద తేలుతూనో వచ్చి స్థిరపడిందే. నేలమీద తిరిగే పులుల్లాంటి పెద్ద వేటజంతువులు ఆ దూరం దాటి రాలేకపోయాయి. అందుకే ఇక్కడి పిట్టలకీ బల్లులకీ మనిషిని చూసి భయపడటం ఎవరూ నేర్పలేదు. ఈ ప్రయాణంలో నేను చూసిందంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగింది.

పదహారు మంది, ఒక పడవ

బాల్ట్రా అనే చిన్న దీవిలో దిగాం. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక స్థావరంగా వాడిన చోటు అది. రేవులో మా యాట్ ఎదురుచూస్తోంది. యాట్ అంటే సినిమాల్లో చూపించే శ్రీమంతుల విలాస నౌక అనుకునేరు. ఎనిమిది క్యాబిన్లు, పదహారు మంది ప్రయాణికులు, ఒక భోజనాల గది, పైన కూర్చోడానికి డెక్... అంతే. క్యాబిన్‌లో ఇద్దరం ఒకేసారి నిలబడి తలదువ్వుకోలేం.

పదహారు అన్న అంకె ఊరికే పెట్టింది కాదు. పార్కు నిబంధనల ప్రకారం ఒక గైడు వెంట పదహారు మందికి మించి వెళ్లకూడదు. గైడు లేకుండా పార్కు దీవుల మీద అడుగు పెట్టనివ్వరు. ఏ పడవ ఏ రోజు ఏ దీవికి వెళ్లాలో పార్కువాళ్లే ముందుగా నిర్ణయిస్తారు, ఒక పడవ పద్నాలుగు రోజుల్లోపు మళ్లీ అదే చోటికి రాకూడదు. పగలు దీవుల్లో తిరగడం, రాత్రి మనం నిద్రపోతుంటే పడవ ప్రయాణం. ఒడ్డుకి చేర్చడానికి 'పంగా' అనే రబ్బరు పడవలుంటాయి. రాతి మీద దిగితే డ్రై ల్యాండింగ్, మోకాలి లోతు నీళ్లలో దిగి నడిస్తే వెట్ ల్యాండింగ్. నేను చీరలు సర్దేసి మా అమ్మాయి ట్రాక్ ప్యాంట్లలోకి మారిపోయాను.

మా గైడు శాంతాక్రూజ్ దీవిలోనే పుట్టిన కుర్రాడు. మొదటి సాయంత్రం డెక్ మీద కూర్చోబెట్టి నిబంధనలు చెప్పాడు. ఏ జంతువుకైనా రెండు మీటర్ల దూరంలో ఉండాలి. ముట్టుకోకూడదు, తిండి పెట్టకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు. గవ్వ గానీ గులకరాయి గానీ తీసుకోకూడదు. 'మరి జంతువే మన దగ్గరికి వస్తే?' అని అడిగాడు మా అల్లుడు. 'మీరే వెనక్కి జరగాలి' అన్నాడు నవ్వుతూ. నిజంగానే వారమంతా మేం వెనక్కి జరుగుతూనే ఉన్నాం.

పేరులోనే అమాయకత్వం

మొదటి మజిలీ నార్త్ సేమోర్. పంగా దిగి పది అడుగులు వేశామో లేదో, కాలిబాటకి అడ్డంగా ఒక పక్షి. బాతంత ఉంటుంది, పాదాలు చూస్తే ఎవరో నీలం పెయింటు డబ్బాలో ముంచి తీసినట్టున్నాయి. బ్లూ ఫుటెడ్ బూబీ! మమ్మల్ని ఒకసారి చూసి, పట్టించుకోకుండా ఆడపక్షి ముందు నాట్యం మొదలుపెట్టింది. ఒక కాలెత్తి చూపించడం, దించడం, ఇంకో కాలెత్తడం... కొత్త చెప్పులు కొనుక్కున్న పిల్లాడిలా. తినే చేపల్లోని కెరోటినాయిడ్ల వల్ల ఆ రంగు వస్తుంది. ఒంట్లో బాగుంటేనే పాదాలు మెరుస్తాయి. అంటే ఆడపక్షి చూసేది అందాన్నే కాదు, ఆరోగ్యాన్ని కూడా.

స్పానిష్‌లో 'బోబో' అంటే వెర్రిబాగులవాడు. ఆ పక్షులు పారిపోకపోవడం చూసి నావికులు పెట్టిన పేరు అది. చేత్తో పట్టుకుని వండుకోవడానికి వీలుగా నిలబడే పక్షిని మనిషి 'పిచ్చిది' అన్నాడు! ఆ మాట విన్నాక నాకు ఆ నాట్యం చూస్తూ పూర్తిగా నవ్వురాలేదు.

పక్కనే పొదల మీద ఫ్రిగేట్ పక్షులు. మగవి గొంతు కింద ఎర్రటి సంచిని బెలూన్‌లా ఊది, ఆకాశంలో వెళ్తున్న ఆడపక్షుల్ని పిలుస్తున్నాయి. దూరంగా సముద్రంలో బోర్లించిన మూకుడులాంటి చిన్న దీవి చూపించాడు గైడు. డాఫ్నే మేజర్! నాకు ఒళ్లు జలదరించింది. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి నలభై ఏళ్లు ఏటా వెళ్లి, ఫించ్ పిట్టల ముక్కుల్ని కొలిచిన దీవి అది. 1977లో కరవొచ్చి చిన్న గింజలు అయిపోయాయి. గట్టి గింజలు పగలగొట్టగలిగే పెద్ద ముక్కు పిట్టలే ఎక్కువగా బతికాయి, వాటి పిల్లలకీ ఆ ముక్కులే వచ్చాయి. పరిణామం అనేది లక్షల ఏళ్ల వ్యవహారమని నేను క్లాసులో చెప్పేదాన్ని. కళ్ల ముందే జరుగుతుందని ఆ భార్యాభర్తలు కొలిచి చూపించారు.

భూమధ్యరేఖ మీద పెంగ్విన్లు

ఆ రాత్రి పడవ ఇసబెల్లా దీవి ఉత్తర కొసని చుట్టి పడమటికి వెళ్లాలి. అక్టోబరులో సముద్రం పోటుమీద ఉంటుంది. మంచంలో అటు దొర్లితే గోడ, ఇటు దొర్లితే మా వారు. ఆయన జేబులోని మాత్రలన్నీ ఓడిపోయాయి. వంటాయన అల్లం టీ పెట్టిచ్చాడు. అదేదో మన శొంఠి కషాయంలాగే ఉందని రెండు కప్పులు తాగారు. తెల్లవారుజామున భూమధ్యరేఖ దాటుతుంటే కెప్టెన్ గదిలో తెరమీద అంకెలన్నీ సున్నాలవడం చూడ్డానికి అందరికన్నా ముందు నిలబడింది కూడా ఆయనే.

ఇసబెల్లా ఇక్కడి దీవులన్నిటిలోకీ పెద్దది. ఆరు అగ్నిపర్వతాలు ఒకదానికొకటి అతుక్కుని ఒక్క దీవి అయ్యాయి. దీని పడమటి వైపు సముద్రం అడుగునుంచి క్రామ్‌వెల్ ప్రవాహమనే చల్లటి నీళ్లు పైకి తన్నుకొస్తాయి. దక్షిణం నుంచి హంబోల్ట్ ప్రవాహం మరింత చల్లదనం తెస్తుంది. ఆ నీటిలో పోషకాలెక్కువ, దాంతో చేపలెక్కువ. అందుకే భూమధ్యరేఖ మీద, కాక్టస్ మొక్కలున్న చోట, పెంగ్విన్లు బతుకుతున్నాయి! గాలపాగోస్ పెంగ్విన్ మన మోకాలి ఎత్తు కూడా ఉండదు. పుంటా వీసెంటె రోకా దగ్గర పంగాలో వెళ్తుంటే రాతి మీద రెండు నిలబడి, రెక్కలు చాపి ఎండ తగలకుండా తమ పాదాలకే నీడ పట్టుకుంటున్నాయి.

అక్కడే వెట్‌సూట్ వేసుకుని నీళ్లలోకి దిగాను. అరవై ఒకటో ఏట! చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊరి చెరువులో నేర్చుకున్న ఈత ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. నీళ్లు చల్లగా కరిచాయి. కళ్లద్దాల్లోంచి కిందికి చూస్తే పెద్ద సముద్రపు తాబేలు ఒకటి పాచి మేస్తోంది. పక్కనే ఇంకొకటి, దాని వెనక మరో నాలుగు. ఒకటి నెమ్మదిగా పైకొచ్చి, నా ముఖానికి మూడడుగుల దూరంలో తలెత్తి గాలి పీల్చుకుని, మళ్లీ దిగిపోయింది. కాకినాడ ఒడ్డున ఏటా చలికాలంలో నేను చూసే తాబేళ్లు చాలావరకు చచ్చి కొట్టుకొచ్చిన ఆలివ్ రిడ్లేలే. బతికున్న తాబేలు ఊపిరి తీసుకునే చప్పుడు వినడం నాకు అదే మొదటిసారి.

పుట్టి కొన్నాళ్లే అయిన నేల

మధ్యాహ్నం ఫెర్నాండినా చేరాం. ఇక్కడి భూగర్భశాస్త్రం అర్థం కావాలంటే వంటింటి ఉదాహరణ ఒకటి చెబుతాను. భూమి లోపల ఒకచోట మంట వెలుగుతోంది, అది కదలదు. పైన పెనంలాంటి నాజ్కా ఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున తూర్పుకి జరుగుతోంది. మంట మీదికొచ్చిన చోటల్లా ఒక దీవి పుడుతుంది, తర్వాత పక్కకి జరిగిపోతుంది. అందుకే తూర్పున ఉన్న దీవులు ముసలివి, వయసు ముప్ఫై నలభై లక్షల ఏళ్లు. ఇప్పుడు మంట మీదున్నది ఫెర్నాండినా. దీనిమీది లా కుంబ్రే అగ్నిపర్వతం 2018లో, 2020లో, మళ్లీ 2024లో పేలింది.

నల్లటి లావా మీద అడుగు పెట్టబోతుంటే 'ఆగండి సెన్యోరా' అన్నాడు గైడు. చూస్తే రాయి కాదు, ఇగ్వానా! ఒకటి కాదు, వందలు. ఒకదాని మీద ఒకటి పడుకుని ఎండ కాచుకుంటున్నాయి. ప్రపంచంలో సముద్రంలోకి దిగి మేసే బల్లి ఇదొక్కటే. పాచితో పాటు మింగిన ఉప్పుని ముక్కులోంచి తుమ్మి చిమ్ముతుంది. ఆ తుమ్ములు తప్ప అక్కడ ఇంకో శబ్దం లేదు.

ఎల్‌నినో వచ్చిన ఏళ్లలో సముద్రం వేడెక్కి పాచి చనిపోతుంది. అప్పుడు ఈ ఇగ్వానాలు బతకడానికి ఒక విచిత్రమైన పని చేస్తాయి, పొడవు తగ్గిపోతాయి. ఎముకలతో సహా, ఇరవై శాతం దాకా! తిండి దొరికాక మళ్లీ పెరుగుతాయి. అలా తగ్గలేని పెంగ్విన్లు మాత్రం 1982-83 ఎల్‌నినోలో నూటికి 77 చనిపోయాయని లెక్క తేలింది. ఇప్పటికీ మొత్తం పెంగ్విన్లు రెండు వేలు దాటవని అంచనా.

ఎగరడం మరిచిపోయిన కార్మోరెంట్ పక్షిని కూడా ఇక్కడే చూశాం. ఫెర్నాండినా, ఇసబెల్లా తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. వేటాడే జంతువు లేదు కాబట్టి ఎగరాల్సిన అవసరం పోయింది, రెక్కలు పీలికలైపోయాయి. అలవాటుగా వాటినే చాపి ఆరబెట్టుకుంటోంది, చిరిగిన గొడుగు తెరిచినట్టు. ఈ దీవిలోకి బయటి ఎలుక గానీ పిల్లి గానీ ఇంతవరకు చేరలేదు. ఒక్క పిల్లి చాలు, ఈ పక్షి కథ ముగిసిపోవడానికి. కీటోలో మా కందిపొడిని అంతసేపు ఎందుకు చూశారో అప్పుడు పూర్తిగా అర్థమైంది.

మర్నాడు ఉర్బినా బే. 1954లో ఇక్కడ సముద్రగర్భం ఒక్కసారిగా నాలుగు మీటర్లకు పైగా పైకి లేచింది. అప్పటి పగడపు దిబ్బలు ఇప్పుడు పొదల మధ్య పొడినేల మీదున్నాయి. సాయంత్రం టాగస్ కోవ్‌లో కొండరాళ్ల నిండా ఓడల పేర్లు. అందులో 1836 నాటి పేరు కూడా ఉంది. మన గోల్కొండ గోడల మీద ప్రేమికుల పేర్లే గుర్తొచ్చాయి. ఇప్పుడు మాత్రం ఎవరూ రాయకూడదు.

ముట్టుకోకూడని ఏడుపు

శాంటియాగో దీవిలోని ప్యూర్టో ఎగాస్. నల్లటి ఇసుక తీరం. తీరమంతా సీ లయన్లు, మన వీధి కుక్కల్లా ఎక్కడపడితే అక్కడ పడుకుని ఉన్నాయి. వాటిలో ఒక పిల్ల, కొన్ని వారాలది ఉంటుందేమో, ఒంటరిగా అరుస్తూ తిరుగుతోంది. గొర్రెపిల్ల అరుపులా ఉంది. పడుకున్న ప్రతి తల్లి దగ్గరికీ వెళ్లడం, వాసన చూడటం, అది కసిరితే ఇంకోదాని దగ్గరికి పోవడం. పక్కటెముకలు కనిపిస్తున్నాయి.

అలా తిరిగి తిరిగి అది మా దగ్గరికొచ్చింది. మా అమ్మాయి కాళ్ల దగ్గర ఆగి, తలెత్తి చూసి, అరిచింది. మేం వెనక్కి జరిగాం. అది ముందుకొచ్చింది. మళ్లీ జరిగాం. మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టేసుకుంది. 'కనీసం కొంచెం చేపైనా పెట్టకూడదా?' అని అడిగాను గైడుని.

'తల్లి పిల్లని వాసనతో, గొంతుతో గుర్తుపడుతుంది సెన్యోరా. మన వాసన అంటితే వచ్చిన తల్లి కూడా కాదనొచ్చు. చేపలవేటకి వెళ్లిన తల్లి రావడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది.'

'రాకపోతే?'

'రాకపోతే ఇది బతకదు. నేనూ ఈ దీవులవాణ్ణే, నాకూ అలవాటు కాలేదు' అన్నాడు.

తిరిగి పంగా ఎక్కేదాకా ఆ అరుపు వినిపిస్తూనే ఉంది. తల్లి వచ్చిందో లేదో మాకు తెలియదు. పడవలో ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. భయం లేకుండా మన కాళ్ల దగ్గరికొచ్చిన ప్రాణిని చూసి మురిసిపోవడం తేలిక. దాని నమ్మకానికి మనం ఇవ్వగలిగింది ఆ రెండు మీటర్ల దూరమే అని ఒప్పుకోవడం కష్టం.

నమ్మినందుకు కట్టిన మూల్యం

బార్తలోమే దీవిలో కర్రమెట్లెక్కి, ఎదురుగా సముద్రంలోంచి సూదిలా లేచిన పినకిల్ రాక్ చూశాం. అక్కణ్నుంచి శాంతాక్రూజ్. ఇక్కడి కొండల్లో కొండ తాబేళ్లు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. జామచెట్ల కింద ఒకటి గడ్డి మేస్తోంది. దాని ముందు మా వారు చిన్నపిల్లాడిలా కనిపించారు. బరువు రెండొందల కిలోలు దాటుతాయి, వందేళ్లకు పైగా బతుకుతాయి. అది గడ్డి కొరికే చప్పుడు అంత దూరానికీ వినిపించింది.

ఈ దీవులకి పేరు కూడా తాబేళ్ల వల్లే వచ్చింది. అవి తిండీ నీళ్లూ లేకుండా ఏడాది దాకా బతకగలవు. ఆ గొప్పగుణమే వాటి పాలిట శాపమైంది. సముద్రపు దొంగలు, తిమింగలాల వేటగాళ్లు వాటిని ఓడ అడుగున వెల్లకిలా పేర్చుకుని, కావలసినప్పుడల్లా ఒకటి కోసుకు తిన్నారు. అలా పోయినవి లక్షకు పైనే అని అంచనా. 1835 సెప్టెంబరులో ఇరవై ఆరేళ్ల డార్విన్ వచ్చినప్పుడు, డొప్ప చూసి అది ఏ దీవి తాబేలో చెప్పగలనని ఇక్కడి అధికారి లాసన్ ఆయనతో అన్నాడు. ఐదు వారాలుండి వెళ్లిన డార్విన్, ఇక్కడి పక్షులకు భయం లేకపోవడం చూసి ఆశ్చర్యపోయాడు. కొమ్మ మీది డేగని తుపాకీ గొట్టంతో తోసినట్టు రాశాడు. ఒక్కో దీవికి ఒక్కో రకం జీవి ఎందుకన్న ప్రశ్న 1859లో పుస్తకంగా వచ్చి ప్రపంచాన్నే మార్చింది.

డార్విన్ రిసెర్చ్ స్టేషన్‌లో ఒక చల్లని చీకటి గదిలో అద్దాల వెనక 'లోన్‌సమ్ జార్జ్' నిలబడి ఉన్నాడు. పింటా దీవి తాబేళ్లలో ఆఖరివాడు. 1971లో దొరికాడు, జోడీ కోసం ఎంత వెతికినా దొరకలేదు. 2012 జూన్ 24న చనిపోయాడు. అంతటితో ఒక జాతి ముగిసింది. మా వారు ఆ గదిలోంచి అందరికన్నా ఆలస్యంగా బయటికొచ్చారు.

అలాగని అంతా దుఃఖమే కాదు. ఎస్పనోలా దీవిలో ఒకప్పుడు పన్నెండు ఆడ, రెండు మగ తాబేళ్లే మిగిలాయి. అమెరికాలోని శాన్‌డియాగో జూ నుంచి 'డియెగో' అనే మగదాన్ని తెచ్చి కలిపారు. ఇప్పుడు వాటి సంతతి రెండు వేలు దాటింది. పని పూర్తిచేసిన డియెగోని 2020లో సొంత దీవికి పంపేశారు. ఇసబెల్లా ఉత్తర భాగంలో తాబేళ్ల గడ్డి మొత్తం తినేస్తున్న మేకల్ని 2006 కల్లా తొలగించారు. హెలికాప్టర్ల మీంచి కాల్చి, మెడకి రేడియో కట్టిన మేకని వదిలి అది చేరిన మందని పట్టుకుని, వేల సంఖ్యలో! 'ఒకదాన్ని కాపాడాలంటే ఇంకోదాన్ని చంపాలా?' అన్నారు మా వారు. మేకలు వాటంతట అవి రాలేదు, మనిషే తెచ్చాడు. అది తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

ఆ మధ్యాహ్నం ప్యూర్టో అయోరా ఊళ్లో కాఫీ తాగుతుంటే నా ప్లేటు అంచున గోధుమరంగు పిట్ట ఒకటి వాలింది. ఫించ్! ముప్ఫై ఏళ్లు బోర్డు మీద గీసిన ముక్కు, నా చేతికి జానెడు దూరంలో బ్రెడ్డు తునక కోసం చూస్తోంది. ఆనందంగా ఉన్నా ప్లేటు మీద గుడ్డ కప్పేశాను. మనిషంటే భయం లేకపోవడం వేరు, మనిషి ఎంగిలికి అలవాటు పడటం వేరు కదా. బయటినుంచి వచ్చిన ఒక ఈగ వీటి గూళ్లలో గుడ్లు పెడుతోంది, వాటిలోంచి వచ్చే పురుగులు పిల్లల రక్తం పీల్చేస్తున్నాయి. ఇసబెల్లాలోని మడఅడవుల ఫించ్‌లు వంద ప్రాంతంలోనే మిగిలాయి.

స్టాంపు లేని ఉత్తరం

చివరి రోజు ఫ్లోరియానా. తీరంలో పాత పీపా ఒకటుంది. రెండు శతాబ్దాల కిందట తిమింగలాల వేటగాళ్లు పెట్టుకున్న పోస్టాఫీసు అది. ఉత్తరం అందులో వేయాలి. ఆ ఊరివైపు వెళ్లే ఓడవాళ్లు తీసుకెళ్లి ఇవ్వాలి. స్టాంపు లేదు, నమ్మకం ఒక్కటే. ఇప్పటికీ పర్యాటకులు అదే పద్ధతి పాటిస్తున్నారు. మేం కార్డుల కట్ట వెతికితే హైదరాబాద్ కూకట్‌పల్లికి ఒకటి దొరికింది. ఎవరో పిల్ల తాతయ్యకి రాసింది. తిరిగొచ్చాక నేనే వెళ్లి ఇచ్చాను. ఆ పెద్దాయన మూడుసార్లు చదువుకుని, కాఫీ తాగందే కదలనివ్వలేదు. కాకినాడకి మేం రాసుకున్న కార్డు మాత్రం ఇంకా పీపాలోనే ఉన్నట్టుంది!

వెళ్లాలనుకుంటే...

కీటో లేదా గ్వయాకిల్ నుంచి బాల్ట్రా, శాన్ క్రిస్టోబల్ దీవులకి విమానాలుంటాయి. విదేశీయులకి పార్కు ప్రవేశ రుసుము 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లు, ట్రాన్సిట్ కార్డుకి 20 డాలర్లు. ఈక్వడార్‌లో చెల్లేది అమెరికన్ డాలరే. వీసా నిబంధనలు టికెట్లు కొనకముందే చూసుకోవాలి. మధ్యరకం యాట్‌లో ఎనిమిది రోజులకి మనిషికి నాలుగు నుంచి ఏడు వేల డాలర్లు అవుతుంది. అంత పెట్టలేనివాళ్లు శాంతాక్రూజ్‌లో గది తీసుకుని, రోజువారీ పడవల్లో దగ్గరి దీవులు చూసి రావచ్చు. కానీ ఫెర్నాండినాలాంటి పడమటి దీవులు చూడాలంటే పడవలో ఉండాల్సిందే. డిసెంబరు నుంచి మే దాకా ఎండ, నీళ్లు వెచ్చన, సముద్రం శాంతం. జూన్ నుంచి నవంబరు దాకా చల్లదనం, అలల పోటు, కానీ నీళ్లలో జీవం ఎక్కువ. పడవ పడనివాళ్లు అడుగు అంతస్తులో, మధ్యలో ఉండే క్యాబిన్ అడగండి, ఊపు తక్కువగా ఉంటుంది. శాకాహారులు ముందే చెబితే అన్నం, బీన్స్, అరటికాయ వేపుడు పెడతారు. కందిపొడి మీ ఇష్టం.

ఇంత దూరం వెళ్లలేనివాళ్లకి ఇంకో మాట. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా పెలికాన్‌లు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. కింద మనుషులు తిరుగుతుంటారు, పైన పిల్లలకి తల్లులు మేత పెడుతుంటాయి. ఆ ఊరివాళ్లు వాటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, ఎవరైనా రాయి విసిరితే ఊరుకోరు. గాలపాగోస్ పక్షులకి భయం అసలు తెలియదు. తేలినీలాపురం పక్షులకి తెలిసే ఉంటుంది, అయినా వస్తున్నాయి. మనుషులు సంపాదించుకున్న నమ్మకం కాబట్టి, జువాలజీ టీచర్‌గా నాకు ఈ రెండోదే ఎక్కువ విలువైనదనిపిస్తుంది. ఈ చలికాలం మా వారూ నేనూ అక్కడికే వెళ్తున్నాం. పడవెక్కక్కర్లేదని ఆయన ఇప్పట్నుంచే హుషారుగా ఉన్నారు.